శమనం వేరు, శోధనం వేరు

ఉపాసనాక్రమంలో జానుసంధికి ఉన్న స్థానాన్ని సాధకుడు సాధారణంగా గుర్తించడు. ఆసనంలో కూర్చోవాలన్నా, ప్రదక్షిణం చేయాలన్నా, సాష్టాంగప్రణామం చేసి తిరిగి లేవాలన్నా మోకాలే ఆధారం. తిరుమలకు కాలినడకన వెళ్ళే అలిపిరి మార్గంలో ఒక ఘట్టానికి మోకాళ్ళ పర్వతమన్న పేరే స్థిరపడింది. ఆ గిరి సాలగ్రామమయమని భావించి భగవద్రామానుజులు దానిపై పాదం మోపక మోకాళ్ళతోనే అధిరోహించారని ఐతిహ్యం. నేటికీ అక్కడ కొన్ని మెట్లను మోకాళ్ళపై ఎక్కే భక్తులు కనిపిస్తారు. అందుచేతనే ఈ సంధి అరిగిపోయినప్పుడు ధార్మికజీవనం గడిపే వృద్ధులకు కలిగే క్లేశం కేవలం శారీరకం కాదు. నియమభంగం జరుగుతున్నదన్న పరితాపం నొప్పికంటె అధికంగా బాధిస్తుంది.

గోదావరి డెల్టాలోని ఒక గ్రామంలో నివసించే విశ్రాంత సంస్కృతోపాధ్యాయునికి అరవై ఎనిమిదవ ఏట ఈ స్థితి కలిగింది. ఊరివారందరికీ ఆయన మాష్టారు. పదవీవిరమణానంతరం రామాలయ మంటపంలో ప్రతి శనివారం సాయంకాలం భగవద్గీతను, వివేకచూడామణిని పాఠం చెప్పడం వారి నియమం. శ్రోతలలో గృహిణులు, వ్యవసాయదారులు, ఒకరిద్దరు విశ్రాంతోద్యోగులు. నేలపై ఆసనం వేసుకొని రెండు గంటలు కదలక కూర్చోవడం మాష్టారికి దశాబ్దాల అభ్యాసం. కుడి మోకాలు పూర్తిగా మొరాయించిన తరువాత, కుమారుని బలవంతంపై, కార్తికమాసంలో నగరంలోని ఒక వైద్యశాలలో మోకాలి మార్పిడి శస్త్రచికిత్స చేయించుకున్నారు. తొడయెముక క్రిందికొనను, పిక్కయెముక పైభాగాన్ని చెక్కి, పైదానికి మిశ్రలోహపు తొడుగును, క్రిందిదానికి లోహఫలకాన్ని అమర్చి, రెండింటి నడుమ పాలిథిలీన్ పొరను ఉంచి, ఎముక సిమెంటుతో బిగించడమే ఈ శస్త్రక్రియ. మర్నాడే వాకర్ సాయంతో నడిపించారు. ధనుర్మాసం నాటికి చేతికఱ్ఱతో ఆలయానికి వెళ్ళి తిరుప్పావై విని వచ్చే స్థితికి చేరుకున్నారు.

మాఘమాసంలో ఆ మోకాలు మళ్ళీ వెచ్చబడింది. రాత్రివేళ కదలకుండా పడుకున్నప్పటికీ నొప్పి. కొన్నాళ్ళకు కుట్ల మచ్చ క్రిందిభాగాన పెసరగింజంత ఎరుపు, దాని నుండి అప్పుడప్పుడు ఒక చుక్క రసి. స్థానిక వైద్యుడు అయిదు రోజులకు యాంటీబయాటిక్ మాత్రలు ఇచ్చారు. మూడవ రోజుకు రసి ఆగింది, నొప్పి తగ్గింది. మాత్రలు ఆపిన పదిరోజులకు యథాప్రకారం. మళ్ళీ మాత్రలు, మళ్ళీ ఉపశమనం, మళ్ళీ రసి. ఈ చక్రం శ్రీరామనవమి వరకు నాలుగు పర్యాయాలు తిరిగింది. ఆ సంవత్సరం సీతారామకల్యాణంలో మాష్టారు పీట మీద కాక, మంటపం మెట్టుపై కాలు చాపుకొని కూర్చున్నారు.

శస్త్రచికిత్స చేసిన వైద్యుని వద్దకు తిరిగి వెళ్దామని కుమారుడు అడిగినప్పుడల్లా వారి సమాధానం ఒక్కటే: "ఇది ప్రారబ్ధం నాయనా. విల్లు వదిలిన బాణం. అనుభవించి తీరవలసినదే." అంతకంటె బలమైన ఆధారం కూడా వారివద్ద ఉన్నది. వివేకచూడామణిలో శమాది షట్కసంపత్తిని వివరిస్తూ తితిక్షకు చెప్పిన లక్షణంలో మూడంశాలున్నాయి: దుఃఖాలను సహించడం, వాటికి ప్రతీకారం తలపెట్టకపోవడం, చింతావిలాపాలు లేకుండా ఉండడం. ఇరవై సంవత్సరాలుగా ఆ శ్లోకానికి అర్థం చెప్పిన వ్యక్తికి, తన మోకాలి విషయంలో దానిని ఆచరిస్తున్నానన్న విశ్వాసం కలగడం సహజమే.

అయితే ఆ మోకాలిలో ఏమి జరుగుతున్నదో తెలిసినప్పుడే ఈ అన్వయం ఎంతవరకు సాధువో తేలుతుంది.

ఎంతటి జాగ్రత్త వహించినా మోకాలి మార్పిడి చేయించుకున్న వందమందిలో ఒకరిద్దరికి కృత్రిమసంధిలో ఇన్ఫెక్షన్ కలుగుతుంది. మధుమేహం, స్థూలకాయం, ధూమపానం, రుమటాయిడ్ కీళ్ళవాతం ఈ ప్రమాదాన్ని పెంచుతాయి. మాష్టారికి మధుమేహం ఉన్నది. కారకులు తరచుగా స్టెఫిలోకాకస్ వర్గానికి చెందిన సూక్ష్మజీవులు. వీటిలో ఎపిడెర్మిడిస్ అనేది ప్రతి మానవుని చర్మంపై సహజంగా నివసించేదే. చర్మంపై ఉన్నంతకాలం దానివల్ల అపకారం లేదు. లోహాన్ని చేరినప్పుడు మాత్రం దాని స్వభావమే మారినట్లవుతుంది. లోహతలానికి అంటుకొని, తన చుట్టూ జిగురువంటి పదార్థాన్ని స్రవించి, దాని లోపల సమూహంగా స్థిరపడుతుంది. దీనినే బయోఫిల్మ్ అంటారు, జీవపటలమని చెప్పుకోవచ్చు. లోహానికి రక్తనాళాలు లేవు గనుక రక్తంలోని రక్షకకణాలు అక్కడికి సులభంగా చేరలేవు. పటలం లోపలి సూక్ష్మజీవులలో అనేకం సుప్తావస్థలో ఉంటాయి. వృద్ధి చెందుతున్న జీవులపైనే ఎక్కువగా పనిచేసే యాంటీబయాటిక్‌లకు ఈ నిద్రాణజీవులు లొంగవు. స్వేచ్ఛగా తిరిగే సూక్ష్మజీవిని చంపే మోతాదుకు వందల రెట్లు అధికమైన మోతాదు కూడా పటలంలోని జీవిని చంపలేకపోవచ్చు.

అందువల్ల మాత్ర మింగినప్పుడు జరిగేది ఇంతే: పటలం నుండి వెలికివచ్చి తిరుగుతున్న సూక్ష్మజీవులు నశిస్తాయి, వాపు తగ్గుతుంది, రసి ఆగుతుంది. మూలం మాత్రం లోహంపై భద్రంగా ఉంటుంది. మాత్ర ఆగిన వెంటనే అక్కడి నుండి మళ్ళీ అంకురిస్తుంది. ఆయుర్వేదం చికిత్సను శమనమనీ శోధనమనీ విభజించింది. ప్రకోపించిన దోషాన్ని ఉన్నచోటనే శాంతింపజేయడం శమనం. దానిని బయటికి వెడలించడం శోధనం. మాష్టారి మోకాలిలో నాలుగు పర్యాయాలు జరిగినది శమనం మాత్రమే.

సుశ్రుతుని శల్యతంత్రంలో శల్యశబ్దానికి విస్తృతార్థం ఉన్నది. దేహానికి బాధ కలిగించే ఏ పదార్థమైనా శల్యమే. లోపలి నుండి నాళంవలె దారి చేసుకొని స్రవించే పుండును ఆ తంత్రం నాడీవ్రణమని ప్రత్యేకంగా పేర్కొన్నది. మాష్టారి కుట్ల మచ్చపై కనిపించిన పెసరగింజ అటువంటి నాడీముఖమే. కృత్రిమసంధి వరకు చర్మం నుండి అటువంటి మార్గం ఏర్పడితే, అదే ఇన్ఫెక్షన్‌కు నిశ్చితలక్షణమని నేటి వైద్యులు కూడా పరిగణిస్తారు. పైన పసుపు అద్దినా, కట్టు మార్చినా ఆ ద్వారం మూసుకోదు. మూసుకున్నట్లు కనిపించినా లోపలి మూలం పోదు.

ఈ విషయం మాష్టారికి బోధపరచినది వైద్యుడు కాదు. చైత్రమాసాంతంలో ఒక శనివారం గీతలోని క్షేత్రక్షేత్రజ్ఞవిభాగయోగం పాఠం. శరీరాన్ని క్షేత్రమని ఎందుకన్నారో మాష్టారు వివరించారు: విత్తినది మొలకెత్తే చోటు గనుక. పాఠం ముగిసిన తరువాత ఒక వృద్ధరైతు దగ్గరకు వచ్చి, కాలి కట్టువైపు చూస్తూ అన్నాడు: "మీకు చెప్పేంతవాణ్ణి కాదండి మాష్టారూ. చేలో తుంగ పడితే పైన కోసి ఊరుకుంటామా అండి? నాలుగు చినుకులు పడగానే మళ్ళీ లేస్తాదండి. అడుగున గడ్డ తవ్వి తీస్తేనే గాని చేను మనది కాదండి."

తుంగ అంటే ఏమిటో డెల్టావాసులకు వేరే చెప్పనవసరం లేదు. పైన కోసినకొలది క్రింది గడ్డల నుండి మళ్ళీ మళ్ళీ లేచే కలుపు అది. ఆ రాత్రి మాష్టారికి నిద్రపట్టలేదు. సహించడమంటే ప్రతీకారం చేయకపోవడమని తాను చెప్పుకుంటున్నారు. కాని నాలుగు పర్యాయాలు మాత్రలు మింగిన వ్యక్తి ప్రతీకారం చేయలేదని ఎలా అనగలరు? ప్రతీకారం జరిగింది. తనకు అనుకూలమైనంతవరకే జరిగింది. మాత్ర సులభం గనుక స్వీకరించారు. శస్త్రం భయంకరం గనుక దానిని ప్రారబ్ధం పేరుతో నిరాకరించారు. తాను తితిక్ష అని పిలుస్తున్న దానిలో సగభాగం భయమేనని ఆయనకు స్పష్టమైంది. మరునాడు ఉదయం కుమారునికి ఫోన్ చేసి, "ఎప్పుడు వెళ్దాం?" అని అడిగారు.

ప్రారబ్ధసిద్ధాంతాన్ని ఇక్కడ కొంత విచారించవలసి ఉన్నది. జ్ఞానోదయానంతరం కూడా దేహం ఎందుకు కొనసాగుతున్నదన్న ప్రశ్నకు వేదాంతం ఇచ్చిన సమాధానం ప్రారబ్ధం. చికిత్స మానుకోమని చెప్పే విధివాక్యం కాదది. ఫలం అనుభవానికి వచ్చిన తరువాతనే ఇది ప్రారబ్ధమని తెలుస్తుంది. ప్రయత్నానికి పూర్వమే దానిని నిర్ణయించే శక్తి ఎవరికీ లేదు. వ్యాధి ప్రారబ్ధమైతే వైద్యుడు లభించడం, ఔషధం పనిచేయడం కూడా ఆ ప్రారబ్ధంలోనివి కావచ్చును గదా. యోగవాసిష్ఠంలోని ముముక్షువ్యవహార ప్రకరణం అంతా దైవమనే సాకుతో పౌరుషాన్ని విడిచేవారిని మందలించడానికే వినియోగమైందంటే అతిశయోక్తి కాదు. అరుణాచలంలో రమణమహర్షి ఎడమచేతిపై కణితి ఏర్పడినప్పుడు దానికి 1949లో పలుమార్లు శస్త్రచికిత్స జరిగింది. దేహాత్మబుద్ధి లేని ఆ మహనీయుడు వైద్యులను వారించక, భక్తుల అభీష్టానుసారం దేహాన్ని వారికి అప్పగించారు. ఇక శీతోష్ణాదులవలె వచ్చిపోయే ద్వంద్వాలను సహించమని గీత ఉపదేశించింది. ఉపేక్షిస్తే ఎముకను తొలిచి, రక్తంలో వ్యాపించి, ప్రాణానికే ముప్పు తెచ్చే వ్యాధి వచ్చిపోయే ద్వంద్వం కాదు.

వైశాఖమాసంలో శస్త్రవైద్యుడు మొదట చేసిన పని మాత్రలన్నీ మాన్పించడం. రెండు వారాలు ఏ యాంటీబయాటిక్ లేకుండా ఉంటేనే కీలులోని ద్రవాన్ని సూదితో తీసి చేసే పరీక్ష నమ్మదగినదవుతుందని చెప్పారు. మాత్రల ప్రభావం ఉన్నప్పుడు కల్చర్ పరీక్షలో సూక్ష్మజీవి పెరగకపోవచ్చు. ఏ జీవియో తెలియక ఏ ఔషధమో నిర్ణయించలేరు. రక్తంలో ఇ.ఎస్.ఆర్., సి.ఆర్.పి. ప్రమాణాలు అధికంగా ఉన్నాయి. ద్రవంలో తెల్లకణాలు విశేషంగా కనిపించాయి. నెమ్మదిగా పెరిగే జీవులు తప్పించుకోకుండా కల్చర్‌ను పద్నాలుగు రోజులు ఉంచారు. ఎపిడెర్మిడిస్ బయటపడింది.

"తొలిదినాలలోనే వచ్చి ఉంటే వేరే మార్గం ఉండేది మాష్టారూ" అన్నారు వైద్యుడు. శస్త్రచికిత్స జరిగిన మొదటి నెలలోగాని, హఠాత్తుగా మొదలైన లక్షణాలకు మూడు వారాలు నిండకముందేగాని గుర్తిస్తే, పటలం ఇంకా పక్వం కాదు. అప్పుడు కీలును తెరిచి, చెడిన కణజాలాన్ని తొలగించి, పుష్కలంగా కడిగి, నడుమనున్న పాలిథిలీన్ పొరను మాత్రం మార్చి, లోహాన్ని నిలుపుకొనే అవకాశం ఉంటుంది. అటువంటివారికి స్టెఫిలోకాకస్ విషయంలో రిఫాంపిసిన్‌ను తోడుగా ఇస్తారు. క్షయరోగులకు సుపరిచితమైన ఈ ఔషధం పటలంలోనికి చొచ్చుకొనిపోగలదు. ఒంటరిగా ఇస్తే సూక్ష్మజీవి త్వరగా దానికి అలవాటుపడుతుంది గనుక మరొక ఔషధంతో జతచేసియే ఇస్తారు. మాష్టారికి ఆ ద్వారం మూసుకుపోయింది. మిగిలినది రెండంచెల మార్గం: అమర్చినదానినంతటినీ తొలగించడం, క్షేత్రం శుద్ధమైన తరువాత మళ్ళీ అమర్చడం.

ఈ మార్గం ఒక్కరోజులో రూపొందినది కాదు. 1960లలో ఇంగ్లండులోని రైటింగ్టన్ వైద్యశాలలో తుంటికీలు మార్పిడి చేసిన జాన్ చార్న్లీ, శస్త్రశాలలోని గాలిని వడగట్టి, వైద్యుల దుస్తులను మార్చి, సుమారు ఏడు శాతంగా ఉన్న ఇన్ఫెక్షన్‌ను ఒక శాతంకంటె దిగువకు తెచ్చారు. 1970 ప్రాంతంలో హాంబర్గ్‌లో బుక్‌హోల్ట్స్ ఎముక సిమెంటులోనే జెంటమైసిన్ కలిపి, ఔషధం లోపలి నుండియే ఊరేటట్లు చేశారు. మోకాలి ఇన్ఫెక్షన్‌కు రెండంచెల పద్ధతిని 1983లో న్యూయార్కుకు చెందిన జాన్ ఇన్సాల్ బృందం ప్రకటించింది. గాయపడినవాని గదిని ఆవాలు, వేపాకు, నేయి, ఉప్పుతో పదిరోజులు రెండుపూటలా ధూపం వేసి రక్షించమన్న సుశ్రుతుని దేశంలో, వ్రణానికి ముందు పరిసరశుద్ధి అన్న భావన అపరిచితం కాదు.

జ్యేష్ఠమాసారంభంలో మొదటి అంచె జరిగింది. ఆరు నెలల క్రితం ఎంతో ఆశతో అమర్చుకున్న లోహాన్ని, పాత సిమెంటునంతటినీ తీసివేశారు. చెడిన ఎముకను, కణజాలాన్ని గీకి, లీటర్లకొద్దీ ద్రవంతో కడిగారు. ఆ ఖాళీలో యాంటీబయాటిక్ కలిపిన సిమెంటు దిమ్మను ఉంచారు. స్పేసర్ అని దాని పేరు. అది మోకాలు కాదు. మోకాలి చోటును కాపాడేది మాత్రమే. కాలు వంచరాదు, పూర్తిభారం మోపరాదు. ఆరు వారాలపాటు సిరలో అమర్చిన సన్నని గొట్టం ద్వారా వాన్కోమైసిన్. మూత్రపిండాలకు హాని కలగకుండా తరచుగా రక్తపరీక్షలు. చక్కెర అదుపునకు ఇన్సులిన్.

ఆ ఆరు వారాలే మాష్టారికి నిజమైన తితిక్షాపాఠం. పాతది పోయింది, క్రొత్తది రాలేదు, వస్తుందన్న హామీ లేదు. క్షేత్రం శుద్ధం కాకపోతే మళ్ళీ స్పేసర్ మార్చవలసి రావచ్చు. ఆపైన సంధిని కదలకుండా అతికించివేయడం, అరుదుగా తొడవద్ద కాలు తొలగించడం కూడా వైద్యులు చెప్పి ఉంచారు. ఇతరుల సాయం లేక శౌచానికి వెళ్ళలేని స్థితి. స్నానసంధ్యలు యథావిధిగా లేవు. ఆసనం ఊసే లేదు. మొదటి వారం చింతా, విలాపమూ రెండూ కలిగాయి. సహధర్మచారిణిపై విసుగు కూడా. తరువాత క్రమంగా పడుకొనియే మానసజపం కుదిరింది. ప్రతీకారం పూర్ణంగా వైద్యునికి అప్పగించిన తరువాత తనకు మిగిలినది సహనం, చింతారాహిత్యం మాత్రమే. ఆ శ్లోకం మొదటిసారి తనకే పాఠం చెప్పినట్లు వారికి అనిపించింది. వ్యాసపూర్ణిమనాడు శ్రోతలు ఇంటికి వచ్చి మంచం చుట్టూ కూర్చున్నప్పుడు ఆయన చెప్పినది ఆ ఒక్క శ్లోకమే.

ఆరు వారాలు నిండిన తరువాత ఔషధమంతా ఆపివేసి, రెండు వారాలకు పైగా నిరీక్షించారు. ఈ విరామం ఆలస్యం కాదు, పరీక్ష. ఔషధం ఉన్నప్పుడు కలిగే ప్రశాంతికి ప్రమాణం లేదు. ఊతం తీసివేసిన తరువాత కూడా వాపు, నొప్పి, రసి తిరిగి రాకపోతేనే, రక్తప్రమాణాలు తగ్గుముఖంలోనే ఉంటేనే లోపలి క్షేత్రం శుద్ధమైందని భావిస్తారు. సత్సంగంలో ఉన్నంతసేపు శాంతించిన కోపం ఇంటికి వెళ్ళగానే లేస్తే, అది శాంతి కాదని సాధకునికి తెలుసు. వాసనాక్షయానికి గీటురాయి అనుకూలస్థితి కాదు. మాష్టారి మోకాలు ఆ పరీక్షలో నిలిచింది. శ్రావణమాసంలో స్పేసర్ తొలగించి, మరికొంత పొడవైన కాండం గల క్రొత్త సంధిని అమర్చారు. పిమ్మట మూడు నెలలు మాత్రలు.

రెండవ అంచె వరకు చేరినవారిలో అత్యధికులకు ఇన్ఫెక్షన్ తిరిగి రాదు, కొందరికి వస్తుంది. ఈ అనిశ్చయం మాష్టారికి శాశ్వతంగా మిగిలినదే. మోకాలు తొంబై డిగ్రీలకంటె కొంచెం మాత్రమే అధికంగా వంగుతుంది. నేలపై కూర్చోవడం ఈ జన్మకు లేదు. మరుసటి కార్తికంలో పాఠం తిరిగి ఆరంభించినప్పుడు మంటపంలో కుర్చీ వేయించుకున్నారు. శ్రోతలకంటె ఎత్తున కూర్చోవలసి వచ్చిందన్న సంకోచం కొన్ని వారాలు వారిని బాధించి, తరువాత తగ్గింది.

ఈ శస్త్రచికిత్స చేయించుకున్నవారు, ఇంట్లో అటువంటి పెద్దలు ఉన్నవారు కొన్ని విషయాలు జ్ఞప్తిలో ఉంచుకోవలసి ఉన్నది. కుట్ల నుండి రసి కారినా, మానిన మోకాలు మళ్ళీ వెచ్చబడినా, విశ్రాంతిలో కూడా నొప్పి కలిగినా, శస్త్రచికిత్స చేసిన వైద్యుని అదేవారంలో కలవాలి. కీలుద్రవం పరీక్షించకముందు ఎవరు ఇచ్చినా యాంటీబయాటిక్ వేసుకోరాదు. తీవ్రజ్వరంతో మనిషి కుంగిపోతుంటే మాత్రం క్షణం ఆలస్యం చేయక వైద్యశాలకు చేర్చాలి. గాయంపై పసుపు, విభూతి, పసరుమందులు పెట్టరాదు. ఉపవాసదీక్షలలోను, ప్రసాదస్వీకారంలోను మధుమేహాన్ని మరువరాదు. పాదరక్షలు లేక ప్రదక్షిణం చేసేవారికి పాదాల పగుళ్ళు, వేళ్ళ సందులలోని పుండ్లు సూక్ష్మజీవులకు ద్వారాలు. సంవత్సరాల తరువాత కూడా చర్మం, దంతాలు, మూత్రమార్గం నుండి రక్తం ద్వారా ఇన్ఫెక్షన్ కృత్రిమసంధికి చేరగలదు. పుండు చిన్నదైనా చూపించుకోవడం ధర్మమే.

దేహం క్షేత్రమైనప్పుడు దానిలో కలుపు తీయడం క్షేత్రజ్ఞునికి అపచారం కాదు. కలుపు తీయవలసినచోట సహనాన్ని, సహించవలసినచోట విలాపాన్ని పెట్టుకోవడమే ప్రమాదం.

స్వస్తి.